కొలతలలో దాగిన జన్యువులు

ఒక తల్లి బిడ్డలలో ఒకరు పొడగరి, ఒకరు పొట్టి, మరియొకరు నడితరము. ఒక దొడ్డిలోని ఆవులలో ఒకటి కుండెడు పాలిచ్చును, దాని పక్కది చెంబెడు. ఇందులో తిండికి, నీటికి, నేలకు చెందిన పాలు ఎంత, పుట్టుకతో వచ్చిన పాలు ఎంత అని మనుష్యులు ఏనాటినుండియో ఆలోచించుచునే ఉన్నారు. పుట్టుకతో వచ్చినదే అయినచో అది దేహములో ఏ తావున దాగి ఉన్నదని అడుగుటకు మాత్రము ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చినది. ఆ తావును పట్టుటకు సూక్ష్మదర్శిని చాలలేదు. లెక్క కావలసి వచ్చినది. ఆ లెక్క చేతితో తెమలక తుదకు కంప్యూటరు ప్రోగ్రాముల పాలైనది. ఈ వెదకులాట చరిత్రనే మేము ఇక్కడ చెప్పదలచినాము. ఇది ఇంగ్లండులో మొదలై, స్వీడను, అమెరికాల మీదుగా నడచి, మన పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన ఒక వరి వంగడము వద్దకు కూడ వచ్చినది గనుక, తెలుగు శ్రోతలకు బొత్తిగా దూరపు ముచ్చట కాదు.

మెండెల్ మహాశయుడు 1866లో ప్రకటించిన బఠానీల కథ బడిలో చదువుకొన్నవారందరికిని తెలిసినదే. ఆయన ఎన్నుకొన్న గుణములు ఇటో అటో తేలిపోవునవి. గింజ గుండ్రనిదో, ముడతలు పడినదో. పువ్వు ఊదాదో, తెల్లనిదో. నడిమి మాట లేదు. అందుచేతనే ఆయనకు 3కి 1 అను చక్కని నిష్పత్తి దొరకినది. కాని రైతునకును గృహస్థునకును కావలసిన గుణములలో పెక్కు ఇట్టివి కావు. ధాన్యపు బరువు, పాల దిగుబడి, పంటకు పట్టు దినములు, మనిషి ఎత్తు, రక్తపు పోటు, ఇవి ‘ఉన్నదా, లేదా’ అని అడుగదగినవి కావు. ‘ఎంత’ అని కొలువదగినవి. వీనిని కొలత గుణములు అని పిలుచుకొందము.

కొలత గుణములను మొట్టమొదట పట్టుదలతో పరిశీలించినవాడు ఇంగ్లండు దేశస్థుడైన ఫ్రాన్సిస్ గాల్టన్. 205 జంటల ఎత్తులను, వారికి పుట్టి పెరిగిన 928 మంది బిడ్డల ఎత్తులను సేకరించి, ఆడువారి ఎత్తును 1.08తో హెచ్చించి మగవారి ఎత్తుతో సమము చేసి, 1886లో ఆయన పట్టికలు ప్రకటించినాడు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల బిడ్డలు పొడగరులే గాని తల్లిదండ్రులంతటివారు కారనియు, మిక్కిలి పొట్టివారి బిడ్డలు వారికంటె కొంత ఎదుగుదురనియు ఆ పట్టికలలో తేలినది. గాల్టన్ అడుగుజాడలలో కార్ల్ పియర్సన్ మొదలైనవారు గణాంక శాస్త్రమునే పెంచి పెద్దచేసినారు. ఇంతలో 1900లో మెండెల్ పరిశోధన మరల వెలుగులోనికి వచ్చినది. అప్పుడు ఆరంభమైనది తగవు. వారసత్వమనగా విడివిడి అంశములే యని కేంబ్రిడ్జిలో విలియం బేట్సన్ వర్గము. కొలతలలో ఎడతెగని మార్పే కనబడుచుండగా విడివిడి అంశములెక్కడివని లండనులో పియర్సన్ వర్గము. ఉభయులును పండితులే. ఉభయులును ఒకరి పత్రికలను ఒకరు ఆక్షేపించుటలోనే కొన్ని ఏండ్లు గడపినారు.

తగవు తీర్చు దారి చూపినది ఒక గోధుమ గింజ. స్వీడనులో హెర్మన్ నిల్సన్-ఎలె ఎఱ్ఱగింజ గోధుమను తెల్లగింజ గోధుమతో సంకరము చేసి, మనుమల తరము గింజలను లెక్కపెట్టినాడు. ఒక సంకరములో నాలుగింట ఒకటి తెల్లగింజ వచ్చుటకు మారుగా అరువదినాలుగింట ఒకటి మాత్రమే వచ్చినది. ఆయన ఊహ సులభమైనది. ఎఱుపునకు ఒక జత అంశములు కాక మూడు జతలున్నవనుకొందము. తెల్లగింజ రావలెనన్న మూడింటిలోను తెలుపే రావలెను. నాలుగింట ఒకటి, అందులో నాలుగింట ఒకటి, మరల అందులో నాలుగింట ఒకటి. సరిగా 64లో 1. తక్కిన 63లో ఎఱుపు ఒకే తీరున లేదు. ముదురు నుండి లేత వరకు మెట్లు మెట్లుగా దిగివచ్చినది. మూడు జతలకే ఇన్ని మెట్లు కనబడిన, పది జతలకు మెట్లు కంటికి ఆనక వాలుగా కనబడుట వింత కాదు. 1909లో ప్రకటితమైన ఈ పరిశోధనతో విడివిడి అంశములనుండి ఎడతెగని కొలత పుట్టవచ్చునని తేలినది.

దీనిని గణితముతో సంపూర్ణముగా నిరూపించినవాడు రోనాల్డ్ ఫిషర్. ఆయన పత్రమును లండనులోని రాయల్ సొసైటీ అచ్చువేయలేదు. 1918లో ఎడింబరో సొసైటీ వేసినది. అప్పటికి ఆయనకు 28 ఏండ్లు. గణాంక శాస్త్రములో నేడు అందరును వాడు ‘వేరియన్స్’ అను పదము ఆ పత్రముతోనే లోకమునకు వచ్చినది. తల్లిదండ్రులకును బిడ్డలకును, అన్నకును తమ్మునికిని నడుమ కనబడు పోలిక, చిన్న చిన్న అంశములు పెక్కు కలియుటవలన ఎంత రావలెనో అంతయే వచ్చుచున్నదని ఆయన చూపినాడు. కాని ఊరిలో వేయి ఇండ్లున్నవని చెప్పుట వేరు. ఫలాని ఇల్లు ఏ వీధిలో ఉన్నదో చెప్పుట వేరు. ఫిషర్ మొదటిది చెప్పినాడు. రెండవదానికి పటము కావలెను.

పటము న్యూయార్కులో అప్పటికే గీయబడినది. కొలంబియా విశ్వవిద్యాలయమున థామస్ హంట్ మోర్గాన్ వద్ద పండ్ల ఈగలను పెంచుచున్న విద్యార్థులలో ఆల్ఫ్రెడ్ స్టర్టివాంట్ ఒకడు. 1911లో ఒకనాటి రాత్రి, మరునాటికి చేయవలసిన కాలేజీ పాఠములను పక్కకు నెట్టి, ఈగల లెక్కలన్నియు ముందర పెట్టుకొని కూర్చున్నాడు. తల్లినుండి వచ్చిన క్రోమోజోమును తండ్రినుండి వచ్చినదియు జతగూడినప్పుడు తెగి తునకలు మార్చుకొనును. దగ్గర దగ్గరగా ఉన్న రెండు జన్యువులు విడిపోవుట అరుదు. దూరముగా ఉన్నవి తరచు విడిపోవును. అట్లయిన విడిపోవు సంఖ్యయే దూరము కాదా? తెల్లవారునప్పటికి ఒక క్రోమోజోము పటము సిద్ధమైనది. అది 1913లో అచ్చయినది. నూరింట ఒకటి విడిపోవునంత దూరమునకు సెంటీమోర్గాన్ అని నేడు వ్యవహారము. మోర్గాన్ పేరున ఈ కొలమానము పెట్టినవాడు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్.

ఫిషర్ అంశములను స్టర్టివాంట్ పటము మీదికి తెచ్చు ఉపాయము 1923లో అమెరికాలో మెయిన్ రాష్ట్రపు వ్యవసాయ పరిశోధనా కేంద్రములో దొరకినది. కార్ల్ సాక్స్ చిక్కుడు జాతి గింజలలో పెద్ద గింజ, రంగు పొట్టు గల ఒక రకమును, చిన్న గింజ, తెల్ల పొట్టు గల మరియొక రకముతో సంకరము చేసినాడు. పొట్టు రంగు మెండెల్ గుణము, చూడగనే తెలియును. బరువు కొలత గుణము, తూచవలెను. మనుమల తరములో 166 మొక్కలను ఆయన రంగు జన్యువును బట్టి మూడు గుంపులు చేసి గింజల బరువు తూచినాడు. రంగు జన్యువు రెండు పాళ్లుగా ఉన్న 45 మొక్కలలో గింజ సగటు 30.7 సెంటీగ్రాములు. ఒక పాలుగా ఉన్న 80 మొక్కలలో 28.3. అసలు లేని 41 మొక్కలలో 26.4. రంగు గింజకు బరువునీయదు. కనుక రంగు జన్యువునకు పొరుగున, అదే క్రోమోజోము మీద, బరువును పెంచు అంశమేదో నివసించుచుండవలెను. మొదటి గుంపునకును చివరి గుంపునకును భేదము 4.3 సెంటీగ్రాములే అయినను, యాదృచ్ఛికముగా రాదగిన భేదమునకు అది అయిదింతలను మించినది.

ఈ చరిత్రలో కార్ల్ సాక్స్‌కు రావలసినంత పేరు రాలేదని మా అభిప్రాయము. కంటికి కనబడని వానిని కనబడు పొరుగువానిని ఆనవాలుగా పట్టుకొని వెదకుట అను యుక్తి ఆయనది. తరువాత వచ్చిన యంత్రములును ప్రోగ్రాములును ఆ యుక్తికి కాళ్లు చేతులే.

యుక్తి దొరకినను పని ముందుకు సాగలేదు. కారణము, ఆనవాళ్ల కొరత. చిక్కుడులో పొట్టు రంగు వంటి స్పష్టమైన గుణములు ఒక్క సంకరములో రెండో మూడో ఉండును. క్రోమోజోములేమో పొడవైన దారులు. నూరు మైళ్ల బాట మీద రెండు మైలురాళ్లే ఉన్న, నడుమ ఏ ఊరు ఎక్కడున్నదో ఎట్లు చెప్పగలము? కేంబ్రిడ్జిలో జె.ఎం. థోడే 1961లో పండ్ల ఈగ ఒంటిమీది ముళ్ల వంటి వెండ్రుకల సంఖ్యను నిర్ణయించు అంశములకు తావులు చూపు పద్ధతిని చెప్పినాడు. ఈగలకు ఆనవాళ్లు మెండు గనుక అది చెల్లినది. వరికి, ఆవుకు, మనిషికి ఆ భాగ్యము లేదు.

ఈ నడిమి కాలములో గణాంక శాస్త్రము తన వంతు పని చేయుచునే ఉన్నది. అందులో మనవారి పాలు కూడ కలదు. తెలుగు కుటుంబములో 1920లో పుట్టి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తా భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లినారు. అక్కడి పురాతన మానవుల మ్యూజియములో ఎముకల కొలతలు చూచుట వారి ఉద్యోగము. ఫిషర్ వారిని శిష్యునిగా స్వీకరించి తన ప్రయోగశాలలో ఎలుకలను పెంచి వాటి క్రోమోజోముల మీద జన్యువుల తావులను గుర్తించు పనిలో కూడ పెట్టినాడు. 1948లో రావుగారికి డాక్టరేటు వచ్చినది. ఆ యేటనే వారు ప్రకటించిన ‘స్కోరు పరీక్ష’ గణాంక శాస్త్రములోని ప్రధాన పరీక్షలలో ఒకటిగా నిలిచి, జన్యుస్థానముల అన్వేషణలో కూడ వాడుకలోనికి వచ్చినది. శతాధిక వృద్ధులై 2023లో వారు అమెరికాలో పరమపదించినారు.

హాల్డేన్ మాట కూడ ఇక్కడనే చెప్పవలెను. ఆయన 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తా గణాంక సంస్థకు వచ్చి, 1962లో భువనేశ్వరము చేరి, 1964లో అక్కడనే కన్నుమూసినాడు. తన దేహమును విద్యార్థుల పరిశీలనకు కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఈయవలెనని ఆయన వ్రాసిపెట్టినాడు. మోర్గాన్ కొలమానమునకు పేరు పెట్టినవాని కడపటి మజిలీ గోదావరి సీమ అని ఎందరికి తెలియును!

మరియొక పనిముట్టు ‘లాడ్’ అను అంకె. రెండు జన్యువులు పొరుగువారేనా, కాదా? కనబడిన లెక్క, పొరుగువారే అయినచో వచ్చుటకు గల అవకాశమును, సంబంధము లేకున్న వచ్చుటకు గల అవకాశముతో భాగించి, దానికి సంవర్గమానము కట్టిన వచ్చునదియే లాడ్. లాడ్ 1 అన్న పదింతలు, 2 అన్న నూరింతలు, 3 అన్న వేయింతలు మొగ్గు. మానవ కుటుంబముల విషయములో 3 వచ్చువరకు నమ్మరాదని న్యూటన్ మార్టన్ 1955లో విధించినాడు. ఈ పట్టుదల తరువాత వచ్చినవారికి మిక్కిలి ఉపకరించినది.

ఆనవాళ్ల కఱవు 1980లో తీరినది. జన్యు పదార్థమైన డి.ఎన్.ఏ.లో మనిషికిని మనిషికిని, మొక్కకును మొక్కకును అచ్చటచ్చట అక్షర భేదములున్నవి. కొన్ని ఎంజైములు నిర్దిష్టమైన అక్షరముల వరుస ఉన్నచోటనే డి.ఎన్.ఏ.ను కోయును, అక్షరము మారినచో కోయక విడుచును. కావున తునకల పొడవును చూచి ఎవరిది ఏ రకమో చెప్పవచ్చును. ఈ భేదములే ఆనవాళ్లుగా క్రోమోజోములన్నింటిమీదను మైలురాళ్లు పాతవచ్చునని డేవిడ్ బాట్‌స్టీన్, రేమండ్ వైట్, మార్క్ స్కోల్నిక్, రోనాల్డ్ డేవిస్ కలిసి 1980లో ప్రకటించినారు. పొట్టు రంగు కొరకు, ముళ్ల కొరకు వెదకనక్కరలేదు. ఆకు తునక చాలును.

ఇప్పుడు కొరత ఆనవాళ్లది కాదు, లెక్కకు ఓపికది. వందల మొక్కలు, ఒక్కొక్క మొక్కకు పదుల ఆనవాళ్లు. వానిని సరియైన వరుసలో పేర్చుటయే ఒక మహాకార్యము. పది ఆనవాళ్లను పేర్చు విధములు 18 లక్షలకు మించును. ఇచట ఎరిక్ లాండర్ ప్రవేశించినాడు. ఆయన చదివినది శుద్ధ గణితము. అప్పటికి పని చేయుచున్నది హార్వర్డు వ్యాపార పాఠశాలలో. జన్యుశాస్త్రము మీద మోజుపడి బాట్‌స్టీన్‌తో చెలిమి చేసినాడు. ఆయనయు ఆయన సహచరులును అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థలో వ్రాసిన ‘మ్యాప్‌మేకర్’ అను ప్రోగ్రాము 1987లో వెలువడినది. ఆనవాళ్ల పట్టికను ఇచ్చిన, ఏది ముందో ఏది వెనుకయో, నడుమ దూరమెంతయో కంప్యూటరే తేల్చి పటము గీచి ఇచ్చును. దానికి జోడుగా కొలత గుణముల తావులను వెదకు మరియొక ప్రోగ్రామును కూడ వారు సిద్ధపరచినారు. దాని వెనుక గల గణితమును లాండరును బాట్‌స్టీనును 1989లో సవిస్తరముగా ప్రకటించినారు.

ఆ గణితమును రైలు ప్రయాణముతో బోధపరుపవచ్చును. తాడేపల్లిగూడెములో ఒక ప్రయాణికుని మూడవ పెట్టెలో చూచినాము. నిడదవోలులో కూడ ఆయన మూడవ పెట్టెలోనే కనబడినాడు. నడుమ నవాబుపాలెములో ఏ పెట్టెలో ఉన్నాడు? మూడవ పెట్టెలోనే అని చెప్పవచ్చును. దిగి, వేరు పెట్టె ఎక్కి, మరల మొదటిదానికే వచ్చి ఉండవచ్చును గాని అది అరుదు. ఎంత అరుదో స్టేషనుల దూరమును బట్టి లెక్కకట్టవచ్చును. రెండు స్టేషనులలో రెండు పెట్టెలలో కనబడినచో ఎక్కడ మారినాడో తెలియదు. అప్పుడు నడిమి స్టేషను ఏ చివరకు దగ్గరయో చూచి అవకాశమును పంచిపెట్టవలెను. స్టేషనులు ఆనవాళ్లు. పెట్టెలు తల్లి క్రోమోజోము, తండ్రి క్రోమోజోము. నవాబుపాలెము మనము వెదకుచున్న జన్యువు ఉండవచ్చునని ఊహించిన తావు. ప్రోగ్రాము క్రోమోజోము పొడవునా అడుగడుగునా ఆగి, ‘జన్యువు ఇచ్చటనే ఉన్నదనుకొందము’ అని, ప్రతి మొక్కకును ఈ అవకాశములను పంచి, బరువులతో పోల్చి, ఆ తావునకు లాడ్ కట్టును. తరువాత ఒక అడుగు జరుగును. ఇట్లు వందలకొలది తావులలో కట్టిన అంకెలను గీతగా గీచిన కొండల వరుస వలె కనబడును. ఎత్తైన శిఖరము క్రింద జన్యువు ఉండదగును. ఇట్టి తావునకు ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరములను బట్టి క్యు.టి.ఎల్. అని శాస్త్రజ్ఞుల వ్యవహారము.

ఈ పద్ధతికి తొలి పెద్ద పరీక్ష టమాటా. పెరూ దేశపు ఒక అడవి టమాటా పండు చిన్నది, పచ్చనిది. కాని రసములో కరిగిన పదార్థము, ముఖ్యముగా చక్కెర, సాగు టమాటాకంటె చాల హెచ్చు. టమాటా గుజ్జు పరిశ్రమకు ఆ గుణము కావలెను గాని ఆ గోలీ పండు అక్కరలేదు. ఆండ్రూ పేటర్సన్, స్టీవెన్ టాంక్స్‌లీ, లాండర్ మొదలైనవారు 237 మొక్కలను పరీక్షించి, పండు బరువునకు ఆరు తావులు, కరిగిన పదార్థమునకు నాలుగు, పులుపునకు అయిదు కనుగొని 1988లో ప్రకటించినారు. నూరేండ్లకు పూర్వము గాల్టన్ చేసిన ప్రశ్నకు, మొత్తము క్రోమోజోములన్నిటిని గాలించి ‘ఇదిగో ఇచ్చట’ అని వ్రేలితో చూపిన జవాబులలో ఇది తొలిది. పండు బరువు తావులలో రెండవ క్రోమోజోము మీది ఒకదానిని పట్టి, 2000లో టాంక్స్‌లీ బృందము జన్యువునే బయటకు తీసినది. పండు బరువును 30 శాతము వరకు మార్చగల జన్యువది.

ఇంతవరకు వినిన వారికి ఇక చిక్కేమియు లేదనిపించవచ్చును. ఉన్నది. వందల తావులలో వెదకిన, ఏమియు లేకున్నను ఎక్కడనో ఒక దిబ్బ కొండ వలె కనబడుట సహజము. ఎంత ఎత్తును నిజమని నమ్మవలెను? 1994లో గారీ చర్చిల్, రెబెకా డోర్జ్ చెప్పిన ఉపాయము పిల్లలకు కూడ అర్థమగును. పండ్ల బరువులన్నియు చీట్లమీద వ్రాసి, కుండలో వేసి కలిపి, మొక్కలకు ఇష్టము వచ్చినట్లు పంచవలెను. ఇప్పుడు బరువునకును జన్యువునకును సంబంధము తెగిపోయినది. అయినను ప్రోగ్రామును నడిపి, వచ్చిన శిఖరములలో ఎత్తైనదానిని వ్రాసికొనవలెను. ఇట్లు వేయి మారులు చేయవలెను. వేయింటిలో ఏబది మారులు మాత్రమే దాటబడిన ఎత్తు ఏదియో అదియే గడప. అసలు శిఖరము ఆ గడప దాటిననే నమ్మవలెను. చేతితో వేయి మారులు ఎవరు చేయగలరు? యంత్రమునకు విసుగు లేదు.

గడప దాటినదానిలో కూడ మోసమున్నదని విలియం బీవిస్ చూపినాడు. మొక్కలు నూరు మాత్రమే ఉన్న ప్రయోగములో, చిన్న జన్యువు గడప దాటుటకు అదృష్టము తోడు కావలెను. అదృష్టము తోడై పెద్దదిగా కనబడినవే లెక్కకు వచ్చుచున్నవి గనుక, పత్రికలలో ప్రకటించిన బలము అసలు బలముకంటె చాల ఎక్కువగా ఉండును. మొక్కలు వేయి ఉన్నచో ఈ పొంగు దాదాపు అణగును. వేయి మొక్కలను పెంచి తూచుటకు డబ్బు, నేల, కూలీలు కావలెను. నూరింటితో సరిపెట్టుట సులభము. ఒక సంకరములో ఘనముగా ప్రకటించిన తావులు పెక్కు మరియొక సంకరములో కనబడకపోవుటకు ఇదియొక కారణము. ప్రోగ్రాము నేర్పరియైనను, తూచిన మొక్కలు కొద్దియైనచో అది చేయగలిగినది కొద్దియే.

2003లో కార్ల్ బ్రోమన్, హావో వు, శౌనక్ సేన్, చర్చిల్ ‘ఆర్/క్యు.టి.ఎల్.’ అను ప్రోగ్రామును ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు వెలువరించినారు. చీట్లు కలుపు పరీక్ష అందులో ఒక ఆజ్ఞతో జరుగును. లోపలి గణితమును కూడ తెరచి చూడవచ్చును, దిద్దవచ్చును. పెద్ద సంస్థలకే దక్కిన పని చిన్న కళాశాల విద్యార్థికి కూడ అందుబాటులోనికి వచ్చినది.

మనిషి ఎత్తు సంగతి ఏమైనదని శ్రోతలు అడుగవచ్చును. మనుష్యులను సంకరము చేయరాదు గనుక అచ్చట పద్ధతి వేరు. ఎందరినో కూర్చి, లక్షల ఆనవాళ్లను చూచెదరు. 2022లో సుమారు 54 లక్షల మందిని పరిశీలించి ఎత్తుతో సంబంధము గల 12,111 తావులను గుర్తించినారు. ఫిషర్ 1918లో ఊహించిన ‘చిన్న అంశములు పెక్కు’ అనగా ఎన్నియో ఇప్పటికి తెలిసినది.

పంటలలో మాత్రము అరుదుగా ఒక్క తావే బలవత్తరమై ఉండును. అట్టి అదృష్టము వరికి పట్టినది. మార్టేరు వరి పరిశోధనా స్థానములో వశిష్ఠ, మసూరి రకముల సంకరముగా రూపొందిన ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ, 1980ల తొలి సంవత్సరములలో రైతుల చేతికి వచ్చినది. ఆంధ్రదేశమును దాటి ఒడిశా, బెంగాలు మొదలైన తూర్పు రాష్ట్రముల పల్లపు చేలలో విస్తారముగా పాకినది. దానికి ఒక్క లోపము. వరదలో వారము పది దినములు పూర్తిగా మునిగిన చేను దక్కదు. నీట మునిగిన వరి గాలి కొరకు పైకి సాగును. సాగి సాగి తనలో నిలువ ఉన్న పిండి పదార్థమంతయు ఖర్చు చేసికొనును. నీరు తీసిన పిదప నిలువలేక పడిపోవును. అప్పు తెచ్చి నాటిన రైతునకు ఆ యేటి పంట అంతటితో సరి.

ఒడిశాలోని ఒక దేశవాళీ రకమునుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఏ అను వరికి రెండు వారములు మునిగినను బ్రదుకు శక్తి కలదు. ఇది చిరకాలముగా తెలిసినదే. దానితో సంకరములు చేసినారు. ముంపును తట్టుకొను రకములు వచ్చినవి గాని వానితో పాటు ఆ పాత వరి అవలక్షణములు కూడ వచ్చినవి. రైతులు వానిని ఆదరించలేదు. గుణము ఎక్కడ ఉన్నదో తెలియక మొత్తము మూటనే మోసికొని వచ్చినందున కలిగిన నష్టమది. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ ఈ గుణమునకు తావు వెదకినారు. తొమ్మిదవ క్రోమోజోము మీద ఒక్క శిఖరము లేచినది. ముంపును తట్టుకొనుటలో మొక్కకును మొక్కకును కనబడిన భేదములో సుమారు 70 శాతము ఆ ఒక్క తావునకే చెందినది. దానికి సబ్1 అని పేరు. సాక్స్ చిక్కుడు గింజలలో కనబడిన వంటి చిన్న భేదము కాదిది.

తావు తెలిసిన పిదప మూటంతయు మోయనక్కరలేదు. సంకరమును మరల మరల స్వర్ణతోనే కలుపుచు, ప్రతి తరములోను లేత మొక్కల ఆకుల డి.ఎన్.ఏ.లో ఆనవాళ్లు చూచి, సబ్1 ఉన్నదియు తక్కిన భాగమంతయు స్వర్ణ అయినదియు అగు మొక్కలనే ఏరినారు. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో ఈ పని జరిగినది. జన్యువు ఇదియే యని 2006లో తేలినది. అది చేయు పని విచిత్రము. మునిగిన మొక్కను సాగనీయక అదుపులో ఉంచును. పిండి పదార్థమును పొదుపు చేయించును. నీరు తీసిన తరువాత చిగురింపజేయును. నెలల తరబడి నీరు నిలుచు తావులకు ఇది పనికిరాదు. అచ్చటి లోతు నీటి వరి ఇందుకు నేర్విరుద్ధముగా నీటితో పోటీపడి సాగును. ఆ గుణమునకు తావును పన్నెండవ క్రోమోజోము మీద గుర్తించి, జపాను శాస్త్రజ్ఞులు 2009లో జన్యువులను బయటపెట్టినారు. సాగవద్దనునదియు, సాగుమనునదియు ఒకే కుటుంబమునకు చెందిన జన్యువులు.

ఆ 2009లోనే స్వర్ణ-సబ్1 భారతదేశములో విడుదల అయినది. ఒడిశా మట్టిలో పుట్టిన గుణము గోదావరి వంగడములో చేరి ఒడిశా పల్లపు చేలకు మరల వచ్చినది. బియ్యము తీరులోను దిగుబడిలోను అది స్వర్ణయే. ఒక్క భేదము మాత్రము కంటికి కనబడును. స్వర్ణ వడ్ల పొట్టు బంగారు రంగు. స్వర్ణ-సబ్1 పొట్టు గడ్డి రంగు. తొమ్మిదవ క్రోమోజోము మీద సబ్1 పొరుగుననే పొట్టు రంగును నిర్ణయించు జన్యువు ఉన్నది. ముంపును ఓర్చు గుణమును తెచ్చినప్పుడు ఆ పొరుగుది కూడ వెంట వచ్చినది. కళ్లములో రెండు రాసులు పక్కపక్కన పోసినచో, ఏది మునిగినను బ్రదుకునదో రైతు పొట్టును చూచియే చెప్పగలడు.